దిమ్మె మీద లేని పేరు

నేను షెడ్డులోకి అడుగుపెట్టేసరికి ఒక మాజీ ఎమ్మెల్యేగారి ముక్కు మీద పంచాయతీ నడుస్తోంది. నిలువెత్తు మట్టి బొమ్మ. ఒంటి నిండా తడి గోతాలు చుట్టి మొహం ఒక్కటే తెరిచి ఉంచారు. ఆయన కొడుకు సెల్‌ఫోనులో ఫొటో పెద్దది చేసి చూపిస్తూ "మా నాన్న ముక్కు ఇంత లావుండదండీ" అంటున్నాడు. శిల్పి మారు మాట్లాడలేదు. వెదురు పుల్ల తీసుకుని ముక్కుదూలం పక్కన ఆవగింజంత మట్టి గీకాడు. కొడుకు నాలుగడుగులు వెనక్కి వేసి చూసి "ఆఁ, ఇప్పుడు మా నాన్నే" అన్నాడు. నాకు మాత్రం తేడా ఏమిటో అంతుపట్టలేదు.

తెనాలి విగ్రహాల మీద వ్యాసం రాయమని ఎడిటరుగారు అడిగి చాలాకాలమైంది. నన్ను కదిలించింది మాత్రం మా అక్క కూతురు. బరోడాలో కళాచరిత్ర చదివి వచ్చింది. బొమ్మలు వెయ్యదు, చెక్కదు. బొమ్మల్ని ఎంచి, పేర్చి, జనానికి చూపించే పని నేర్చుకుంది. తెనాలి నుంచి రేపల్లె దాకా రైలు స్టేషన్లలో ఒక ప్రదర్శన పెట్టాలని పట్టుబట్టి కూర్చుంది. "నువ్వు పక్కనుంటే ఆఫీసుల్లో కుర్చీ వేస్తారు మావయ్యా" అంది. ఈ వయసులో నాకు దొరికిన ఉద్యోగం అదీ.

ఎన్ని షెడ్లున్నాయి, ఏ రాష్ట్రానికి ఎన్ని బొమ్మలు వెళ్తాయి అన్న లెక్కలు పత్రికల్లో వస్తూనే ఉంటాయి. సూర్య శిల్పశాల కాటూరి వెంకటేశ్వరరావు, రవిచంద్ర తండ్రీకొడుకులు పాత ఇనప నట్లతో గాంధీని నిలబెట్టిన సంగతి, 2021లో తుక్కుతోనే 14 అడుగుల మోదీని చేసి బెంగళూరుకు పంపిన సంగతి దేశమంతా చదివింది. నేను కూర్చున్నది అంత పేరున్న చోటు కాదు. కాలవకు దగ్గర్లో ఒక రేకుల షెడ్డు. రెసిన్ వాసనకు కళ్ళు మండుతాయి.

శిల్పికి అరవై దాటి ఉంటాయి. తండ్రి గుడి గోపురాల మీద సున్నపు బొమ్మలు చేసేవాడట. ఈయన కాలానికి నాయకులు వచ్చారు. ఆ చేతుల్నే చాలాసేపు చూశాను. కుడి బొటనవేలి గోరు సగమే ఉంది. కనురెప్ప దిద్దడానికి పుల్ల పనికిరాదని ఆ వేలి కొసతోనే నొక్కుతాడు. ఇనప చువ్వల కట్టు మీద మట్టి కొట్టి మనిషిని తేలుస్తారు. ఆ మట్టి మనిషి మీద ప్లాస్టరుతో ముక్కలు ముక్కలుగా అచ్చు తీస్తారు. అచ్చులో ఫైబర్ మ్యాటు పరిచి రెసిన్ పూస్తే ఫైబర్ బొమ్మ. కంచు బొమ్మయితే మధ్యలో మైనం పొర వస్తుంది. మైనం కరిగిపోయిన సందులోకి లోహం పోస్తారు. అచ్చు విప్పేసరికి మట్టి మనిషి ముక్కలైపోతాడు. ఆ బొటనవేలు నేరుగా తాకిన బొమ్మ ఎవరికీ మిగలదన్నమాట. ముక్కల్ని నానబెట్టి, తొక్కి, తర్వాతి నాయకుడికి వాడతారు. ఒక పార్టీ మట్టి ఇంకో పార్టీకి నిక్షేపంగా పనికొస్తుంది.

ఎమ్మెల్యేగారి కొడుకు అడ్వాన్సు ఇచ్చి వెళ్ళాక శిల్పి తన పనివాడితో అన్న మాట చెవిన పడింది. మాతో అన్నది కాదు. "దండేసేది మన బొమ్మకే, పాలు పోసేది మన బొమ్మకే, ఎలక్షన్లొస్తే గుడ్డ కప్పేదీ మన బొమ్మకే. పలక మీద మాత్రం తెర లాగినోడి పేరు, పక్కన నిలబడ్డోడి పేరు, డబ్బులిచ్చినోళ్ళ పేర్లు. మొన్నొక ఊళ్ళో దిమ్మె కట్టిన కాంట్రాక్టరు పేరు కూడా ఏశారంట్రా!" పనివాడు నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. తెలుగువాళ్ళు బాగా ఎరిగిన ఆరుబయటి శిల్ప ప్రదర్శన ఏదంటే ఎన్టీ రామారావుగారి హయాంలో హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద వెలిసిన విగ్రహాలే. 2011 మార్చి 10న, తెలంగాణ ఉద్యమ మిలియన్ మార్చ్ రోజున, వాటిలో కొన్నింటిని కూల్చారు. ఏ మహనీయుడికి అవమానం జరిగిందన్న దాని మీద ఎంతో వాదించుకున్నాం. ఏ శిల్పి పని పోయిందని అడిగిన మనిషి నాకైతే తగల్లేదు.

చట్టం లేక కాదు. 1957 కాపీరైటు చట్టంలో 57వ సెక్షను ఉంది. హక్కులు అమ్ముకున్నాక కూడా ఇది నేను చేసిన పని అని చెప్పుకునే హక్కు చేసినవాడికే ఉంటుందని అది చెబుతుంది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడకు అమర్‌నాథ్ సెహగల్ చేసిన పెద్ద కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ఊడదీసి గోదాములో పడేస్తే ఆయన కోర్టుకెక్కాడు. మిగిలిన ముక్కల్ని ఆయనకు ఇచ్చెయ్యమనీ, 5 లక్షల రూపాయల పరిహారం కట్టమనీ 2005లో ఢిల్లీ హైకోర్టు ప్రభుత్వానికి చెప్పింది. ఈ తీర్పు గురించి శిల్పికి చెబితే "ఆయనది ఢిల్లీ గదండీ" అన్నాడు.

తర్వాత నాతో వచ్చిన మా అక్క కూతురి వైపు తిరిగి "ఇంతకీ నువ్వు చేసే పనేందమ్మాయ్?" అని అడిగాడు.

"క్యూరేటర్ అంటారు బాబాయ్‌గారూ. ఏ బొమ్మ పక్కన ఏ బొమ్మ ఉండాలి, ఎందుకుండాలి, కింద ఏం రాయాలి, నడిచొచ్చేవాడికి ముందు ఏది కనబడాలి, అదంతా చూసుకోవాలి."

"పెళ్ళిలో బంతులు కూర్చోబెట్టే పెద్దమనిషివన్నమాట" అన్నాడాయన. ఇంతకన్నా బాగా చెప్పినవాళ్ళను నేను చూడలేదు.

షెడ్డు వెనక, ఎండకూ వానకూ, పాత అచ్చులు గుట్టపడి ఉన్నాయి. లోపలికి తిరిగిన మొహాలు, సగం మీసం, ఒక చెవి, వేలు చాచిన అంబేడ్కర్ చెయ్యి. ఇవి నాకిస్తారా అని అమ్మాయి అడిగింది. "చెత్త గదమ్మా" అన్నాడు. దాని ప్రదర్శనంతా ఆ చెత్తే. తెనాలి స్టేషనులో ఒట్టి ఇనప చువ్వల కట్టు, చినరావూరులో మట్టి, వేమూరులో అచ్చు, ఇలా రైలు సాగినకొద్దీ విగ్రహం తయారవుతూ పోవాలి. చివర రేపల్లెలో విగ్రహం ఉండదు. ఖాళీ దిమ్మె, దాని మీద మట్టి తొక్కిన కుర్రాడి దగ్గర్నుంచి అందరి పేర్లూ. నేను దేన్నీ త్వరగా మెచ్చుకునే మనిషిని కాను గానీ, ఇది విన్నాక నోట మాట రాలేదు.

1916లో పడిన ఆ తెనాలి-రేపల్లె లైను మీద స్టేషన్లు చూసుకుంటూ వెళ్ళాం. రైలు భట్టిప్రోలులో ఆగినప్పుడు అమ్మాయి బౌద్ధ స్తూపం సంగతి ఎత్తింది. పందొమ్మిదో శతాబ్దంలో ఆ స్తూపం రాళ్ళను కాలవ పనులకు పట్టుకుపోయారు. మిగిలిన దిబ్బలో 1892లో అలెగ్జాండర్ రే తవ్వితే ధాతుపేటికలు బయటపడ్డాయి. వాటి మీది అక్షరాల వల్లనే ఆ ఊరి పేరుతో ఒక లిపి చరిత్రకెక్కింది. ఆ అక్షరాల్లో ఉన్నదేమిటంటే చాలావరకు దానం చేసినవాళ్ళ పేర్లు, వాళ్ళ సంఘం సభ్యుల పేర్లు! దాతల జాబితా మనకు ఇరవై రెండు వందల ఏళ్ళ అలవాటు.

అనుమతి కోసం వెళ్ళిన బాపట్లలో మాత్రం నాకు ఒళ్ళు మండింది. 1913లో తొలి ఆంధ్ర మహాసభ జరిగిన ఊరు, 2022 ఏప్రిల్ నుంచి జిల్లా కేంద్రం. ఊరంటే గౌరవమే. ఒక కార్యాలయంలో, పేరెందుకు, కుర్చీ అయితే వేశారు. "ఏ పార్టీ తరఫునమ్మా?" అన్నది మొదటి ప్రశ్న. ఏ పార్టీ కాదంది. "ఎవరి చేత ఓపెనింగు?" ఎవరూ ఓపెన్ చెయ్యరు, జనమే వచ్చి చూస్తారంది. "ఎవరూ రాకపోతే జనమెందుకొస్తారు?" అన్నాడు ఆ అధికారి నిజంగానే ఆశ్చర్యపోతూ. రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద కొత్త విగ్రహాలకు అనుమతివ్వొద్దని 2013 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పిందని కూడా గుర్తు చేశాడు. నిజమే, చెప్పింది. ఆ ఉత్తర్వు తర్వాత కూడా దారి పొడుగునా కొత్త దిమ్మెలు ఎలా లేచాయో ఆయన్నే అడుగుదామనుకున్నాను. అమ్మాయి నా చెయ్యి నొక్కింది.

అమ్మాయికి వేరే అవకాశాలు లేవని కాదు. కొచ్చి బినాలే అనే కళా ప్రదర్శన 2012లో మొదలైంది. 2014 నుంచి దానితోపాటు స్టూడెంట్స్ బినాలే అని నడుస్తోంది. కుర్ర క్యూరేటర్లు దేశంలోని కళాశాలలు తిరిగి విద్యార్థుల పనుల్ని ఎంచి పెడతారు. ఢిల్లీలో ఖోజ్ అనే కళాసంస్థ ఉంది, కొత్త క్యూరేటర్లకు శిక్షణ ఇస్తుంది. హైదరాబాదులో 2016లో మక్తా బస్తీ గోడల్ని బొమ్మలతో నింపారు. వీటికి దరఖాస్తులు పెడుతూనే ఉంది. ఏదో ఒకటి తగులుతుంది కూడా. తగిలాక తెనాలి అచ్చుల ఫొటోలు తీసుకెళ్ళి ఢిల్లీవాళ్ళకు చూపిస్తుంది, వాళ్ళు మెచ్చుకుంటారు, వేమూరు స్టేషనులో పాల క్యాను పక్కన కూర్చున్న మనిషి మాత్రం చూడడు. నా కోపమంతా అక్కడే. బొమ్మ పుట్టిన చోట ఉన్నవాడికి దాన్ని చూసే వీలు ఎందుకుండదు? ఒక నాయకుడి పుట్టినరోజుకు ఊరంతా కట్టే ఫ్లెక్సీల డబ్బుతో ఈ ప్రదర్శన నెల రోజులు నడుస్తుంది. దీనికి కావలసింది కోట్లు కాదు, ఒక సంతకం, రాత్రిపూట ఒక కాపలా మనిషి, నాలుగు దీపాలు, పక్కన తెలుగులో నాలుగు వాక్యాలు. ఆ నాలుగు వాక్యాలు రాయగలిగిన పిల్ల ఇంట్లో కూర్చుని ఇంగ్లీషు దరఖాస్తులు నింపుతోంది.

తెనాలికి ఇది చేతకాదని అననివ్వను. 1942 ఆగస్టు 12న పోలీసు కాల్పుల్లో చనిపోయిన ఏడుగురికి రణరంగ చౌక్‌లో స్తూపాలు కట్టుకున్న ఊరిది. ఏ పని ఎవరిదో గుర్తుంచుకోవడం తెలిసిన ఊరు.

రైల్వేవారి అనుమతి ఎప్పటికి వస్తుందో తెలియదు కనుక ఈలోగా చిన్నగా మొదలుపెడదామంటోంది. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో బజారు వైపు గోడ ఉన్నవారెవరైనా, అది కళాశాలైనా రైసు మిల్లైనా కల్యాణ మండపమైనా, నెల రోజులు ఉచితంగా ఇస్తామంటే పత్రిక చిరునామాకు రాయండి. అచ్చులు ఇవ్వడానికి శిల్పి ఒప్పుకున్నాడు. అవి ప్లాస్టరువి, ఇంకో వానాకాలం ఆగవు.