కాలువ గాలము, కడలి గాలము

చల్లపల్లి ప్రాంతమున కాలువగట్టున గాలము వేయ నేర్వని బాలుడు అరుదు. 1855లో బెజవాడ యొద్ద కృష్ణకు ఆనకట్ట కట్టినది మొదలు, 1957లో దాని స్థానమున ప్రకాశం బ్యారేజి వచ్చిన పిమ్మటను, ఆ నీరే మా కాలువలలో పారుచున్నది. వెదురుబద్ద, బెండు, వానపాము ఉన్న చాలును. జెల్లయో మట్టగిడసయో దొరకును. అయితే ఇపుడు మన తమ్ములును మరదులును సెలవుదినములలో మోపిదేవి, అవనిగడ్డ, కోడూరుల మీదుగా హంసలదీవికి బోయి, సముద్రపు టొడ్డున గాలము వేయ గోరుచున్నారు. వారిని సాగనంపు సోదరీమణులు కొన్ని సంగతు లెరుగుట మేలని మాకు తోచినది.

గడచిన కార్తికమున మా యింటివారి శిష్యులు కొందరితో మేమును అచ్చటికి బోయితిమి. వృద్ధజాలరి యొకడు పిల్లల వెదురుబద్దలను జూచి నవ్వి, “కాలువ నీళ్లు మనం చెప్పినట్టు వింటాయమ్మగారూ; ఇక్కడ నీళ్లు చెప్పినట్టు మనమే వినాలి” అనెను.

కెరటములలో బెండు నిలువదు. ఒక్క అలకే ఒడ్డునకు కొట్టుకొని వచ్చును. కావున దానిని విడిచి, దారమునకు సీసపుగుండు కట్టి, ఎరను ఇసుకపై నిలుపవలెను. పది పండ్రెండడుగుల కర్రయు, దారము చుట్టు చక్రమును ఉన్నచో ఎర అలలను దాటి పడును. వానపామునకు మారుగా పచ్చిరొయ్య ముక్క మేలు. చేప పట్టిన జాడ కంటికి గాక, దారముపై నుంచిన వ్రేలికి తెలియును.

వేళ తెలియుటకు మన పంచాంగమే తోడు. అచ్చట దినమునకు సాధారణముగా రెండు పోట్లు, రెండు ఆట్లు. నేటి పోటుకంటె రేపటిది సుమారు రెండు ఘడియలు ఆలస్యమగును. అమావాస్యాపూర్ణిమల చేరువ పోటు పెద్దది. అష్టమి చేరువ చిన్నది. నీరు పెరుగుచున్నపుడు చేపలు మేతకై ఒడ్డు దరికి వచ్చును గనుక గాలమునకు ఆ సమయము అనుకూలము.

ఇక ముఖ్యమైన మాట. కాలువలో నెమ్మదిగా నున్న నీటిని నమ్మవచ్చును. సముద్రమున నట్లు గాదు. ఇరుప్రక్కల కెరటములు తెల్లగా విరుగుచుండగా, నడుమ నొకచో అలలు విరుగక నీరు నల్లగా, ప్రశాంతముగా కనబడును. ఒడ్డునకు వచ్చిన నీరు మరల లోనికి బోవు త్రోవ అదియే. అచ్చట చేపలు తిరుగును గనుక గాలము వేయుటకు మంచి తావే. కాని అందు దిగినవానిని, ఈత వచ్చినను, లోనికి గొనిపోవును. కాలువలో ఈత నేర్చినవాడు ఒడ్డువైపునకు ఎదురీది అలసి మునుగును. అట్టి యాపదలో ఒడ్డు వెంబడి ప్రక్కకు ఈది, ఆ వడి దాటిన పిదప ఒడ్డు చేరవలెను. కృష్ణ సముద్రమున గలయు చోట నదివడియు తోడగును. అచ్చట నీట దిగనే రాదు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమలో వేలమందిని పొట్టన బెట్టుకొన్నది. ఆ కడలిని ఆటవస్తువుగా చూడరాదు.

సముద్రపు జెల్ల ముల్లును, ఇసుకలో దాగు టేకుచేప తోకముల్లును విషము గలవి. గ్రుచ్చుకొన్నచో గాయమును ఓర్వదగిన వేడినీట నుంచి, వైద్యునికి చూపవలెను. చలికాలపు చివర ఆ తీరమున తాబేళ్లు గ్రుడ్లు పెట్టును. తెగిన దారములు వాని కాళ్లకు జుట్టుకొనకుండ ఏరి తేవలెను. ఇల్లు చేరిన పిదప చక్రమును మంచినీట కడుగనిచో ఉప్పు దానిని తినివేయును.

పిల్లలు బయలుదేరునపుడు ఈ మూడు మాటలు చెప్పుడు: ఒంటరిగా బోవలదు, సముద్రమునకు వీపు చూపి నిలువవలదు, నీట చిక్కిన గాలము కొరకు లోనికి దిగవలదు, తెంపి రమ్ము. గాలము మరల కొనవచ్చును.