గోడకి మేకు కొట్టకూడదు

రెండేళ్ళ క్రితం బెంగుళూరులో ఓ చేతిపనుల ఎగ్జిబిషన్లో సవర బొమ్మ ఒకటి కొన్నాను. ఎర్రటి గుడ్డ మీద తెల్లటి గీతలు. చుట్టూ నలుచదరం, లోపలంతా మనుషులు, నెమళ్ళు, ఏనుగు, ఓ చెట్టు. మాది శ్రీముఖలింగం. సీతంపేట కొండల్లో సవరలు మాకు ఇరుగుపొరుగే. అదో అభిమానం! తీరా తెచ్చాక ఇంటి ఓనరు గోడకి మేకు కొట్టకూడదన్నాడు. చుట్ట చుట్టి బీరువా మీద పడేశాను.

నాన్నమ్మ పోయి ఏడాదైంది. మొన్న నాన్న ఫోన్ చేసి, "ఆ ఇల్లు అమ్మేద్దుమేటిరా?" అన్నాడు. మీటింగులో ఉన్నాను. "నీ ఇష్టం నాన్నా" అనేసి పెట్టేశాను. రాత్రి నిద్రపట్టక ఆ బొమ్మ తీసి, దాని గురించి చదవడం మొదలెట్టాను.

నేను బోర్డరనుకున్న నలుచదరం ఇల్లట! పాతకాలం సవరల ఇళ్ళల్లో ఎవరికైనా జబ్బు చేసినా, చనిపోయినవాళ్ళు కలలోకొచ్చినా, వాళ్ళు ఉండటానికి చోటు అడుగుతున్నారని అర్థం. అప్పుడు ఎర్రమట్టి గోడ మీద, బియ్యప్పిండి నీళ్ళతో, పుల్లతో వాళ్ళకో ఇల్లు గీస్తారు. ఒడిశా వైపు దీన్ని ఇడితాల్ అంటారు. పోయినవాళ్ళు ఏది కోరితే అది అందులో ఉండాలి. వెరియర్ ఎల్విన్ 1951లో అచ్చేసిన పుస్తకంలో సైకిళ్ళూ, విమానాలూ ఉన్న బొమ్మల గురించి కూడా రాశాడు. (క్లయింటు రిక్వైర్మెంట్లు వాళ్ళకీ తప్పలేదన్నమాట :))

ఇప్పుడు చాలామంది క్రైస్తవంలోకి వెళ్ళారు, ఆ తంతులు తగ్గిపోయాయి. బొమ్మ మాత్రం గోడ దిగి, గుడ్డెక్కి, ఊళ్ళు తిరుగుతోంది. నాలాగే.

నిజానికి మా ఊరికి వలస కొత్తేం కాదు. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదే. 12వ శతాబ్దంలో చోడగంగదేవుడు రాజధానిని కటకానికి మార్చేశాడు. గుళ్ళు మిగిలాయి. మధుకేశ్వరుడి కథలోనూ సవరలున్నారు. ఓ సవర నాయకుడు ఇద్దరు పెళ్ళాల గొడవ పడలేక ఇప్పచెట్టు నరికితే, మొదట్లోంచి శివుడు కనిపించాడట. చెట్టు కొట్టేశాక కూడా మొదలు వదలని దేవుడు!

నాన్నమ్మకి ఇల్లు గీయాల్సొస్తే ఏం కోరుకుంటుంది? అరుగు, వంశధార రేవు, అడ్డపొగ పెట్టడానికో చుట్ట. అక్కడిదాకా తేలికే. మరి నన్ను గీయమంటుందా? ఆఖరి రెండేళ్ళలో నేను వెళ్ళింది మూడుసార్లు. ప్రతిసారీ "ఎప్పుడెలిపోతావు?" అనే అడిగేది. "ఎప్పుడొచ్చావు" అనేది కాదు.

పొద్దున్నే నాన్నకి ఫోన్ చేశాను. "ఇల్లు అమ్మొద్దు, నేనొస్తాను" అన్నాను.

"వొచ్చి ఏటి సేస్తావు?"

నా దగ్గర జవాబు లేదు. కాసేపు ఆయనా మాట్లాడలేదు.

"సర్లే. వానల్లోపు పెంకులు సర్దించాలి. డబ్బులు పంపు."

పంపాను. టిక్కెట్టు కూడా తీశాను. బొమ్మ పట్టుకెళ్తున్నా. ఆ గోడకి మేకు కొట్టొద్దనేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు.