ముసలి కుక్కకు వేసవి వంట

మా కొడలలో యెండలు ముదిరితే పొద్దెక్కకముందే పొయ్యి ఆర్పేస్తాము. మన చద్దన్నమే ఒడియా యిరుగుపొరుగుకు పఖాళ. గంజాం జిల్లా 1936లో ఒడిషాలో చేరింది గాని, వంటింట్లో సరిహద్దులెన్నడూ లేవు.

మా ముసలి కుక్కకు పళ్లూడినా తీపిమీద మోజు పోలేదు. ఛెనాపోడ వాసన తగిలితే గుమ్మం వదలదు. పిల్లలు జాలిపడి ముక్క వేయబోతే మేము ఆపుతాము. అందులోని కిస్‌మిస్ కుక్కల మూత్రపిండాలను పాడుచేస్తుంది; ఉల్లిపాయ వాటి రక్తానికే చేటు.

కుక్కకు చెమట పట్టేది అరికాళ్లలో కొద్దిగా మాత్రమే. రొప్పడమే దానికి విసనకర్ర. అందుకని నీడలో నీళ్ల చిప్ప వుంచి, ఉప్పూ ఉల్లీ తగలని చల్లని పెరుగన్నం మెత్తగా పిసికి పెడతాము. అది ఛెనాపోడ వైపే చూస్తూ తింటుంది. పధ్నాలుగేళ్లు యిల్లు కాచింది. మరొక వేసవి మాతో వుంటే చాలునని మా ఆశ.