అందింది అనే ముందు

మా డిపార్ట్‌మెంట్ ఫెస్ట్ రోజు పొద్దున్న, రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర ఒక అమ్మాయి తన ఫోన్ తీసి నా ముందు పెట్టింది. వేరే కాలేజీ. పేపర్ ప్రెజెంటేషన్ కోసం తెల్లవారుజామునే బస్సెక్కి వచ్చింది. ఫోన్‌లో మా వెబ్‌సైట్ స్క్రీన్‌షాట్ ఉంది: "మీ రిజిస్ట్రేషన్ అందింది." నా లిస్టులో మాత్రం ఆమె పేరు లేదు.

"మీరే కదండీ అందింది అన్నారు?" అంది. కోపంగా కాదు, మామూలుగానే అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మధ్యాహ్నంలోపు అలాంటి స్క్రీన్‌షాట్లతో ఇంకో ఐదుగురు వచ్చారు.

ఆ సిస్టమ్ తయారుచేసింది నేనూ, నా రూమ్మేటూ. ఫారం నింపగానే ఆ వివరాలు ఒక మెసేజ్‌గా ర్యాబిట్‌ఎంక్యూలోని ఒక క్యూలోకి వెళ్తాయి. వెనకాల ఒక వర్కర్ ప్రోగ్రామ్ వాటిని ఒక్కొక్కటే తీసి, డేటాబేస్‌లో రాసి, మెయిల్ పంపుతుంది. మెయిల్ పంపడం నెమ్మదిగా జరిగే పని. మధ్యలో క్యూ ఉంటే ఫారం నింపినవాళ్ళు దాని కోసం ఆగక్కర్లేదు.

అంతా ఒక్క లాప్‌టాప్ మీదే పెడితే అది పోయిన రోజు అన్నీ పోతాయని మూడింటిని క్లస్టర్ చేశాం: నాది, రూమ్మేట్‌ది, ఒక సీనియర్ అన్న వదిలేసిన పాతది. ర్యాబిట్‌ఎంక్యూని ఎర్లాంగ్‌లో రాశారు. ఆ భాష 1980ల్లో ఎరిక్సన్ కంపెనీలో టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం పుట్టింది. అందులో నోడ్‌లు ఒకదాన్నొకటి నమ్మాలంటే అన్నిట్లోనూ ఒకే "కుకీ", అంటే ఒకే రహస్యపు మాట ఉండాలి. మా మూడింట్లో అది మూడు రకాలుగా ఉందని తెలుసుకోవడానికే ఒక రాత్రంతా పట్టింది. చివరికి స్టేటస్‌లో మూడు పేర్లూ కనిపించగానే కారిడార్‌లోకొచ్చి అరిచాం. "ఇంక ఒకటి పోయినా పర్లేదు రా" అన్నాను.

ఆ మాట తప్పు. క్లస్టర్ చేస్తే ఫలానా క్యూ ఉందన్న సంగతి మూడు నోడ్‌లకీ తెలుస్తుంది. కానీ మామూలు క్యూలో మెసేజ్‌లు ఉండేది ఒక్క నోడ్‌లోనే. మాది నా లాప్‌టాప్‌లో ఉంది. పైగా మెసేజ్‌లని డిస్క్ మీద దాచమని చెప్పే సెట్టింగ్ నేను పెట్టలేదు. ఫెస్ట్‌కి రెండు రోజుల ముందు మెయిల్ లిమిట్ దాటి వర్కర్ ఆగిపోయింది, మెసేజ్‌లు పేరుకున్నాయి. ఆ రాత్రే నా చార్జర్ పిన్ లూజై లాప్‌టాప్ ఆఫ్ అయింది. పొద్దున్న లేచి ఆన్ చేశాను. మూడు నోడ్‌లూ పచ్చగా ఉన్నాయి. క్యూ ఖాళీగా ఉంది. పనంతా అయిపోయిందనుకుని క్లాసుకి వెళ్ళిపోయాను. పని పూర్తయిన క్యూ, అన్నీ పోగొట్టుకున్న క్యూ చూడ్డానికి ఒకేలా ఉంటాయని నాకప్పుడు తెలీదు.

తర్వాత సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు డాక్యుమెంటేషన్ చదువుతూ "అక్నాలెడ్జ్‌మెంట్" అన్న మాట దగ్గర ఆగాను. ఇంగ్లీష్ మీడియంలో చదివినవాణ్ణి, తెలుగులో ఏమంటారో తట్టలేదు. పక్క గదిలో అమ్మమ్మ మా పిన్ని కూతురికి కథ చెప్తోంది. మధ్యలో ఆపి, "ఊ కొట్టవేమే?" అంది.

అదే మాట!

చిన్నప్పుడు నాకూ అదే రూలు. ఊ అనకపోతే కథ ముందుకి వెళ్ళేది కాదు, చెప్పిన ముక్కే మళ్ళీ చెప్పేది. వినకుండా అలవాటుగా ఊ కొడితే, "ఏదీ, ఇప్పుడు రాజు ఎటెళ్ళాడో చెప్పు" అని పట్టేసేది. మా వెబ్‌సైట్ కొట్టింది ఆ దొంగ ఊ. మెసేజ్ ఎక్కడైనా నిలిచిందో లేదో చూడకుండానే "అందింది" అనేసింది.

మళ్ళీ మొదట్నుంచి చేశాం. ఈసారి క్వోరం క్యూ వాడాం. ఇది 2019లో, 3.8 వెర్షన్‌తో వచ్చింది. మూడు నోడ్‌లలో ఒకటి లీడర్, ప్రతి మెసేజ్ కాపీ మూడింటికీ వెళ్తుంది. కనీసం రెండు నోడ్‌లు డిస్క్ మీద రాసుకున్నాకే క్యూ ఊ కొడుతుంది. ఆ ఊ వచ్చాకే మా పేజీ "అందింది" అంటుంది. లీడర్ పోతే మిగిలిన రెండూ ఓటేసుకుని కొత్త లీడర్‌ని ఎన్నుకుంటాయి. ఈ పద్ధతి పేరు రాఫ్ట్. స్టాన్‌ఫర్డ్‌కి చెందిన డియెగో ఒంగారో, జాన్ ఔస్టర్‌హౌట్ 2014లో దీని మీద పేపర్ ప్రచురించారు. రెండు మెషీన్లు చాలవా అంటే చాలవు. రెండిట్లో మెజారిటీ అంటే రెండూ ఉండాల్సిందే, ఒకటి పోతే పని ఆగుతుంది. నాలుగు పెట్టినా ఒక్కటి పోవడం వరకే తట్టుకుంటుంది. ఐదుంటే రెండు పోయినా నడుస్తుంది.

వర్కర్‌కీ అదే రూలు పెట్టాం: డేటాబేస్‌లో రాశాకే ఊ అనాలి. రాసి, ఊ అనేలోపు అది ఆగిపోతే క్యూ అదే మెసేజ్ మళ్ళీ ఇస్తుంది. అందుకని ప్రతి రిజిస్ట్రేషన్‌కీ ఒక ఐడీ ఇచ్చి, ముందే రాసి ఉంటే వదిలేయమన్నాం. "అమ్మమ్మా, ఇది ఇందాకే చెప్పావు" అన్నట్టు.

వెయ్యి మెసేజ్‌లు పంపుతూ, మధ్యలో నా లాప్‌టాప్ పవర్ బటన్ నొక్కి పట్టుకున్నాను. కాసేపు తడబడి మళ్ళీ నడిచింది. ఊ వచ్చిన ప్రతి మెసేజూ డేటాబేస్‌లో ఉంది. తర్వాత రెండోదాన్నీ ఆపాం. మిగిలిన ఒక్కటి బతికే ఉంది గానీ ఊ అనలేదు. పేజీలో "అందిందో లేదో చెప్పలేం, మళ్ళీ ప్రయత్నించండి" అని వచ్చింది. "ఫెయిలైంది రా" అన్నాడు రూమ్మేట్. నాకు మాత్రం అంతకుముందు వెయ్యికన్నా ఆ ఒక్క జవాబే నచ్చింది.

ఫెస్ట్ రోజు ఆ అమ్మాయికి సాయంత్రం చివరి స్లాట్ ఇప్పించాం. అప్పటికి హాలు సగం ఖాళీ. బాగా చెప్పింది. బస్సు టైమైందని సర్టిఫికెట్ తీసుకోకుండానే వెళ్ళిపోయింది, తర్వాత పోస్టులో పంపాను.

స్క్రీన్‌షాట్ పట్టుకుని వచ్చినవాళ్ళు మొత్తం ఆరుగురు. "అందింది" అన్న మాట నమ్మి స్క్రీన్‌షాట్ తీసుకోనివాళ్ళు, మెయిల్ రాలేదని అసలు బయల్దేరనివాళ్ళు ఎంతమందో నాకు ఇప్పటికీ తెలీదు. ఆ లెక్క ఏ లాగ్‌లోనూ లేదు.