చరవాణిలో సంత



2020 మార్చిలో పాఠశాలలు మూతపడినప్పుడు, గట్టు మండలంలోని మా ఆలయ మండపంలో నా వద్ద శ్రీరుద్రం అభ్యసిస్తున్న నలుగురు బాలకుల పాఠమూ నిలిచింది. నేను తైత్తిరీయ శాఖాధ్యాయిని. వేదం గురుముఖతః మాత్రమే గ్రాహ్యమని వింటూ పెరిగినవాణ్ణి. అయినా గత్యంతరం లేక, నమకాన్ని అనువాకాల వారీగా చరవాణిలో ధ్వనిముద్రణ చేసి పంపాను.

మూడవ అనువాకం నాడు నాకు జలుబు. ఒకచోట దగ్గు అడ్డుపడి ఊపిరి తెగింది. అనుదాత్తంగా దింపవలసిన అక్షరం సమస్వరంలోనే నిలిచిపోయింది. మళ్లీ ముద్రించడానికి బద్ధకించాను. మండపం తెరిచాక, వారిలో మేధావియైన బాలుడు వల్లించగా విన్నాను. సరిగ్గా అక్కడే ఆగాడు, అక్కడే స్వరం తప్పాడు. నా దగ్గును సైతం శ్రద్ధాభక్తులతో కంఠస్థం చేశాడు! ఆ దోషం తొలగించడానికి నెలలు పట్టింది.

సంత అనగా గురువు ఒకమారు, శిష్యుడు రెండుమార్లు. శిష్యుడు పలికే ఆ రెండుమార్లూ గురువు చేసే పని శ్రవణమే. తప్పు పలికితే మా గురువుగారి కనుబొమ్మ ముడిపడేది. అంతే, నాలుక దానంతట అదే సరిదిద్దుకొనేది. పాణినీయ శిక్ష లిఖితపాఠకుణ్ణి అధమపాఠకులలో గణించింది. వ్రాతప్రతికి స్వరం లేదు. చరవాణికి స్వరం ఉంది, చెవి లేదు.

లౌకిక విద్యలోనూ ఇదే చూశాను. ఆ సంవత్సరం సెప్టెంబరు 1 నుండి టీశాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా ప్రభుత్వం పాఠాలు ప్రసారం చేసింది. మంచి పాఠాలే. కానీ అది మా ప్రాంతంలో విత్తన పత్తికి క్రాసింగ్ చేసే కాలం; సాయంత్రం మొగ్గలు వలిచి, మరునాటి ఉదయం పుప్పొడి అద్దాలి. ఆ పనిలో పసివేళ్లకు గిరాకీ. "నిన్న ఎందుకు రాలేదురా?" అని అడిగే సారు తెరలో ఉండడు కదా!

అలాగని యంత్రాన్ని నిందించను. మా గురువుగారి కంఠం ఒక్క క్యాసెట్టులోనూ మిగలలేదు; ఆ లోటు నాకు నేటికీ బాధే. అందుకే ఇప్పుడు ముందు ఎదురుగా సంత. స్వరం నిలిచిందని నేను విన్న తరువాతనే, ఇంటివద్ద చింతనకు ధ్వనిముద్రణ.

గడచిన శ్రావణంలో ఆ బాలుడే ఒక చిన్నవాడికి మూడవ అనువాకం సంత చెబుతున్నాడు. ఆ చోటు రాగానే ఆగి నావైపు చూశాడు. నేను తల వంచి అనుదాత్తం చూపాను. పాఠం సాగింది.