గంజి కరువును ఎట్లా అడగాలి

అనంతపురం పల్లెల్లో ముసలివాళ్ల నోటి నుంచి కరువుల చరిత్ర రాసుకోవడం నా పని. సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ అదనుకు పడని ఈ మెట్టనేలలో రాజుల కంటే ముందు కరువులే గుర్తొస్తాయి. 1876–78 నాటి ధాత కరువప్పుడు ఇది బళ్లారి జిల్లా. అనంతపురం జిల్లా 1882లో గానీ ఏర్పడలేదు. కూలి ఎంత, ధాన్యం ఎంత అనే లెక్కలు మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాల్లో దొరుకుతాయి. పస్తులున్నవాళ్ల మాట దొరకదు. జనం గంజి కేంద్రాల మీద బతికిన 1952 గంజి కరువుకు ఆ లోటు లేదు, చూసినవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు.

“సత్తు గిన్నె పట్టుకొని వరసలో నిలబడితే ఎండకు చెయ్యి కాలిపోతాండె నాయనా” అంటుంది ఒక జేజి. ఏ సంవత్సరమంటే తడబడుతుంది. తాను పుట్టకముందటి ధాత కరువు సంగతులు కూడా అందులో కలిపేస్తుంది. తేదీలే చరిత్ర అనుకునేవాళ్లు ఈ సాక్ష్యాన్ని పక్కన పడేస్తారు. పడేయకూడదని నాకు నేర్పింది మెదడు శాస్త్రం.

గట్టి భయమో బాధో కలిగినప్పుడు మెదడులోని అమిగ్డలా అసలు సంగతిని లోతుగా నాటుకునేలా చేస్తుంది. తేదీ, వరస లాంటివి సడలిపోతాయి. కరీం నాదర్, జోసెఫ్ లెడూ బృందం 2000లో ఎలుకల మీద ఇంకో విషయం చూపించింది. గుర్తుచేసుకున్న జ్ఞాపకం కాసేపు మెత్తబడి, మళ్లీ గట్టిపడాలి. ఆ సందులో అది మారిపోవచ్చు. అంటే నా ప్రశ్నే జేజి జ్ఞాపకంలో దూరిపోగలదు. పాత కాగితం ఎన్నిసార్లు చదివినా మారదు, మనిషి జ్ఞాపకం అట్లా కాదు.

అందుకే “ఆకలికి ఎంతమంది చనిపోయారు?” అని ఎప్పుడూ మొదలుపెట్టను. “పొద్దున లేస్తే ఏం చేస్తాంటిరి?” అని అడిగి ఊరుకుంటాను. సంవత్సరం కోసం పెళ్లి, కాన్పు, చెరువు మరవ పారిన యేడు అడుగుతాను. తర్వాత ఆ మాటలు చెవిన పడని ఇంకో ఊరి మనిషి దగ్గర సరిచూస్తాను. కళ్లకు కట్టినట్టు చెప్పిందల్లా నిజం కాదు. 1986 చాలెంజర్ అంతరిక్ష నౌక ప్రమాదం వార్త ఎక్కడ విన్నారో విద్యార్థుల చేత మర్నాడే రాయించి, రెండున్నరేళ్లకు మనస్తత్వ శాస్త్రవేత్త ఉల్రిక్ నైసర్ మళ్లీ అడిగితే, చాలామంది వేరే కథ చెప్పారు, పూర్తి నమ్మకంతో.

1952లో పదేళ్లున్న పిల్లలకు ఇప్పుడు ఎనభై దాటింది. అట్లాంటివాళ్లు మీ ఇంట్లో ఉంటే ఈ నెలలోనే ఫోన్‌లో రికార్డు చెయ్యండి. మధ్యలో ఆపకండి, సరిదిద్దకండి. ఊరి పేరు, విన్న తేదీ రాసిపెట్టండి.