పొలము అంచు

యూదుల ధర్మగ్రంథమగు తోరాలో ఐదు కాండములు కలవు. వానిని 54 భాగములు చేసి, శనివారముల వరుసను ఏడాదిలో పారాయణము ముగింతురు. ముగించిన నాడే మరల మొదలిడుదురు. గుంటూరు జిల్లా చేబ్రోలు చెంత కొత్తరెడ్డిపాలెమున, తెలుగు మాతృభాషగా గల బెనె ఎఫ్రాయిములు 1991లో ప్రార్థనామందిరము నెలకొల్పుకొని శనివారమును పాటించుచున్నారు.

మూడవ కాండమున కెదోషీం అను భాగమున్నది. కోతవేళ పొలము అంచులు కోయక, పరిగె ఏరక, బీదలకును పరదేశులకును విడువవలెననియు, కూలివాని కూలి తెల్లవారువరకు నిలుపరాదనియు అందలి విధి. వేరుసెనగ చేలలో పరిగె ఏరువారిని ఎరిగిన అరసికెరె వారమగు మాకు ఇది పరాయిమాటగా తోచలేదు.

మా పావగడ తాలూకా తిరుమణి ప్రాంతమున సుమారు 13,000 ఎకరములు రైతులకడ గుత్తకు గైకొని 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్కేంద్రము నిర్మించిరి. 2018లో దానికి ప్రారంభోత్సవము జరిగెను. భూమి గలవారికి ఏటేట గుత్తసొమ్ము ముట్టుచున్నది. భూమిలేని కూలివారికి ఆ చేలలో కోతయు లేదు, పరిగెయు లేదు. పలకలు పరచిన పొలమునకు అంచు ఏది?

బ్రతుకంతయు లెక్కలు వ్రాసిన గుమాస్తాలము గనుక మాకు తోచినది విన్నవింతుము. గుత్త అందుకొను ప్రతి ఇల్లును అందొక పాలు కూలివారి బిడ్డల చదువునకు విడిచినచో, ఆ సొమ్మే నేటి పొలమునకు అంచు కాగలదు.